మొదటి సంతకం సరోజనక్కది

నిన్న పెద్ద వాన పడింది. కిటికీ తెరిస్తే బురద వాసన, కింద నాలాలో నీళ్లు ఉరికే చప్పుడు. ఆ నీళ్లు మా గల్లీలోకి రావడం లేదంటే కారణం యాకూబ్ మామ. వరంగల్‌లో నీళ్ల సరఫరా శాఖలో పనిచేసి రిటైరైన మనిషి, మా గల్లీ సంఘానికి పెద్ద. పోయినేడు కన్నుమూశాడు.

నేను కాలేజీ మొహం చూడలేదు. నా చదువంతా లైబ్రరీలోనే. అందుకే, మామ ఉన్నప్పుడు, నాలా వెడల్పు చేయమని మున్సిపాలిటీకి అర్జీ రాసే పని నాకిచ్చారు. ఎక్కువమందికి మేలు చేసేదే న్యాయమని చదివిన మాటలన్నీ అందులో పెట్టాను. గల్లీ అంతా తిరిగి సంతకాలు తెచ్చాను. సరోజనక్క ఒక్కతే మిగిలింది. నాలా వెడల్పయితే పోయేది ఆమె మగ్గం గది. అందరూ సంతకం చేశాక ఆమె కాదనలేకపోతుందనుకున్నాను.

చూపిస్తే మామ ఆ కాగితం పక్కన పెట్టేశాడు. "మల్ల రాయి. మొదటి సంతకం జాగ ఖాళీగ ఉంచు. నష్టపోయేటోళ్ల ఇంటికి ముందుగాల పోవాలె."

"ఆమె వద్దంటే, మామా?"

"తిడ్తది. తిట్లు తినుడు గూడ పనే. నడువ్."

సరోజనక్క జంపఖానా నేస్తోంది. నేను అర్జీ చదివి వినిపించాను. ఆమె చేయి ఆగలేదు. "మస్తు చదివినవ్ గని తమ్మీ, నా మగ్గం ఏడ పెట్టుకోవాల్నో నీ బుక్కులల్ల రాసున్నదా?"

మామ తడుముకోలేదు. "రాసిలేదు చెల్లె. నీకు నష్టమే. అబద్ధమెందుకు చెప్పాలె? గని పోయిన వానకు నీ పక్కింటి ముసలామెను మంచంతోని నీళ్లల్లకెల్లి మోసుకొచ్చినం. నాలా తవ్వియ్యకుండ నేనుండలేను."

అప్పుడు నాకు సంఘం గది గుర్తొచ్చింది. పేపర్లు తెప్పించి, పుస్తకాలు పోగుచేసి, పదిమంది చదువుకునేలా నేను నిలబెట్టిన గది. "మగ్గం ఆడ పెట్టుకో అక్కా" అన్నాను. మామ నావైపు చూసి, "గిప్పుడు రాసినవ్ అర్జీ" అన్నాడు.

మూడోరోజు సరోజనక్క తనే వచ్చి, మళ్లీ రాసిన అర్జీలో మొదటి సంతకం చేసింది. "సంతోషంగ ఇచ్చిందని మాత్రం రాయకుండ్రి" అంది. రాయలేదు.

నాలా తవ్వారు. నా పుస్తకాలు అటకెక్కాయి. పేపరు కోసం వచ్చే పెద్దవాళ్లు రావడం మానేశారు. సంఘం గదిలో వెలుతురు చాలక సరోజనక్క నేత తగ్గింది. అయినా మళ్లీ అడిగితే తవ్వమనే అంటాను. ఆ మాట ఇప్పుడు ఆమె ముందు కూడా అనగలను.

మొన్న సంఘం మీటింగులో ఎవరో లేచి సరోజనక్క త్యాగం గురించి మొదలుపెట్టారు. నేను ఆపాను.

"ఆమె త్యాగం చెయ్యలే. మనమే అడిగి తీసుకున్నం."

సరోజనక్క వెనక వరుసలోనే ఉంది. "గట్ల చెప్పు" అంది.