ఖాళీ నేలకు కావలి

లక్సెట్టిపేటలో మా పక్కింటి ఖాలా కన్నుమూసిందన్న కబురు నాకు కరీంనగర్ కాలేజీలో అందింది. అప్పుడే చర్చాపోటీలో నెగ్గి వేదిక దిగుతున్నాను. పోయినవారిని దేవతలను చేయడం మన వక్తలకు అలవాటు, నాకది గిట్టదు. ఖాలా దేవత కాదు. పొద్దస్తమానం తమలపాకు నమిలేది, కందికట్టెతో మేకలను అదిలించేది, అడవినాభి తీగను పెంచేది.

దాని పువ్వుకు మంటలా పైకి లేచిన రేకులు, మొదలున పసుపు, కొసన ఎరుపు. గోదావరి ఒడ్డు అడవిలో ఒకప్పుడు ఆ తీగ విరివిగా పూసేదట. మందుదినుసుల వ్యాపారులు దుంపలు తవ్వించి తవ్వించి దానిని అరుదు చేశారు. మిగిలిన ఒక దుంపను ఖాలా తెచ్చి తన ఇంటి దడి పక్కన పాతింది. వానాకాలం పూసి, చలికాలానికి తీగ ఎండిపోతుంది. దుంప మాత్రం నేలలో నిద్రపోతుంది. మళ్లీ వానలు పడేదాకా ఆమె ఆ ఖాళీ నేల చుట్టూ ముళ్లకంప నాటి కాపలా కాసేది. దుంప విషమని పిల్లలను దగ్గరికి రానిచ్చేది కాదు.

ఆ పువ్వు ఉన్నచోట కయ్యాలు పుడతాయని మా వైపు నమ్మకం. నేను మాట మాటకూ వాదించే పిల్లను కావడంతో నన్ను కన్న మా అవ్వకు సాక్ష్యం ఇంట్లోనే దొరికింది.

"పీకెయ్ ఆపా. గీ పోరి నోరు సూడు, అంత నీ పువ్వు పుణ్యమే."

"పీకుత తియ్యి చెల్లె. పీకినంక గూడ పోరి నోరు మూతవడకపోతే నా పువ్వు నాకు ఎవలు తెచ్చిస్తరు?"

అవ్వ నా వంక ఎగాదిగా చూసింది. పూచీ పడే ధైర్యం ఆమెకు లేకపోయింది.

కాలేజీలో చేరాక, అక్కడొక బోర్డు కట్టి, మొక్క పేరూ విలువా రాసి వీధిని మేల్కొల్పుదామని నేను ప్రతిపాదించాను. ఖాలా నవ్వింది.

"విలువ రాస్తె తెల్లారేసరికి దుంప ఉంటదా బేటీ? నీకు ఉపన్యాసం ఫికర్, నాకు పువ్వు ఫికర్."

జ్ఞానాన్ని దాచడం తప్పని గట్టిగా వాదించాను. ఆమె ఒప్పుకోలేదు, నేను ఈనాటికీ ఒప్పుకోను. ఇద్దరం చాయ్ తాగాం. బోర్డు మాత్రం కట్టలేదు.

ఆమె పోయింది ఎండాకాలంలో. నేను ఊరు చేరేసరికి, పరామర్శకు వచ్చిన చుట్టాలలో ఒకతను ముళ్లకంప లాగేసి ఆ నేల మీదికి ఎడ్లబండి తోలుతున్నాడు. నేను నోరు తెరిచేలోగా మా అవ్వ అడ్డం నిలబడింది.

"ఏమున్నదమ్మా ఈడ, మన్ను తప్ప?" అన్నాడతను.

"మన్ను కింద మా ఆపా పువ్వున్నది. బండి అటు మలుపు. మలుపుతవా, ఎడ్లను నేను ఇప్పాల్నా?"

ఆ పువ్వు వల్ల మా వీధిలో నేను చూసిన కయ్యం అదొక్కటే. నెగ్గింది అవ్వ. బండి మళ్లాక ఆమె కంపను మండ మండగా తిరిగి నాటింది; ముల్లు గుచ్చుకున్న వేలిని నోట్లో పెట్టుకుని, పచ్చగా ఏమీ లేని ఆ నేలను చూస్తూ, ఇంకా ఏదో గొణుగుతూనే ఉంది.