మసి నీళ్లలో పడ్డ ఈక

నా చిన్నప్పుడు ఒక పూటంతా నేను బతికున్నట్టా, చచ్చిపోయినట్టా అన్నది మా ఇంట్లో ఎవరూ తేల్చలేకపోయారు. నాకైతే అసలే అర్థం కాలేదు. అవి నిజాం రాజ్యం రోజులు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. మా అమ్మ కాన్పుకని వికారాబాద్ అవతల ఉన్న పుట్టింటికి వెళ్లి చాలా రోజులైంది. ఎప్పుడొస్తుందని అడిగితే అందరూ "వస్తది" అనేవారే తప్ప, ఎప్పుడో చెప్పిన పాపాన పోలేదు.

ఆ పొద్దున పెరట్లో ముఖం కడుక్కుంటుంటే ఏదో పక్షి టపటపమంటూ వచ్చి నా తలకు కొట్టుకుని ఎగిరిపోయింది. భయంతో కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అంట్లు తోమే గచ్చు మీద, మసి నీళ్లలో ఒక ఈక పడి ఉంది. నా కేక విని మా బాపమ్మ, అంటే మా నాన్న తల్లి, గడప దాకా వచ్చి ఆగిపోయింది.

"కాకి తన్నిందానే? నల్లగ ఉండెనా?" అంది. నేను చూడలేదన్నాను. మళ్లీ అడిగింది. మా చిన్నాయన వచ్చి ఆయనా అడిగాడు. అంతమంది అన్నిసార్లు అడిగేసరికి నాకూ నల్లగా ఏదో కనబడ్డట్టే అనిపించింది. ఔనన్నాను.

కాకి తలమీద తంతే ప్రాణగండమని అప్పట్లో గట్టి నమ్మకం. అది తప్పాలంటే దూరాన ఉన్న అయినవాళ్లకు, ఆ మనిషి చచ్చిపోయిందని అబద్ధపు కబురు పంపాలి. వాళ్లు గుండెలు బాదుకుని ఏడిస్తే ఆ ఏడుపుతో గండం తీరిపోతుంది. తర్వాత నిజం చెబుతారు. అబిడ్స్‌లో బట్టల దుకాణానికి పోవాల్సిన మా చిన్నాయనను బాపమ్మ ఆపేసింది. మధ్యాహ్నం బండెక్కి మా అమ్మకు నా చావు కబురు చెప్పి రమ్మంది.

"వదినె నిండు మనిషి. గసుంటి కబురు ఇంటే ఏమైతదో ఏమో" అని ఆయన నసిగాడు.

"మరి బిడ్డకేమన్న అయితే?" అంటూ బాపమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నా మీద ఆమెకు ప్రాణం. నేను మాత్రం రొట్టె తింటూ, చచ్చిపోయినవాళ్లకు ఆకలి వేస్తుందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. అంతలో ఒక సంగతి తట్టింది. నేను చచ్చిపోయానని తెలిస్తే అమ్మ పరుగెత్తుకొస్తుంది కదా! అంతే, చచ్చిపోవడం నాకు మహా సంతోషంగా తోచింది.

అప్పుడొచ్చింది పక్కింటి అక్క. ఏదీ ఆ ఈక అని అడిగింది. కాకి ఈక ముట్టకూడదని పొద్దుటి నుంచి అందరూ గడప అవతలి నుంచే చూస్తున్నారు. "ముట్టకుంట ఎట్ల తెలుస్తది?" అంటూ ఆమె దాన్ని తీసి, చెంబెడు నీళ్లు పోసి కడిగి, కొంగుతో అద్దింది. మసి పోయేసరికి బూడిద రంగు బయటపడింది. కొన మాత్రం కాస్త ముదురుగా ఉంది.

వేపచెట్టు కింది నుంచి ఒక కాకి ఈకనూ, వాళ్ల వసారాలోంచి ఒక పావురం ఈకనూ తెచ్చి దాని పక్కన పెట్టింది. కాకిది జానెడుకు మించి పొడుగు, మొదటి నుంచి చివరిదాకా నలుపే. మాది పొట్టిది. పావురం ఈక పక్కన పెడితే ఏది మాదో ఏది వాళ్లదో పోల్చుకోలేకపోయాం.

"చూడున్రి, ఒక దిక్కు సన్నగ, ఒక దిక్కు ఎడల్పు. గిది రెక్కల ఈక. మా ఇంటి పావురాలదే. రోజూ నేను ఊడ్చి పోసేవి గివే" అంది.

బాపమ్మ ఆ ఈకను తానే చేతిలోకి తీసుకుని, ఎండకు పెట్టి చూసి, నన్ను దగ్గరికి లాక్కుని ముద్దుపెట్టుకుంది. చిన్నాయన హమ్మయ్య అని కూలబడ్డాడు. నేను మాత్రం భోరున ఏడ్చాను. పావురం కాదు, కాకే అని మొండికేశాను. గండం తప్పితే ఏడ్చే పిల్లను ఎక్కడా చూడలేదని చిన్నాయన గదమాయించాడు.

అక్క నా పక్కన గచ్చు మీద కూర్చుంది. చాలాసేపు అక్కడి నుంచి లేవలేదు. చివరికి నేనే అడిగాను.

"మరి అమ్మ రాదా?"

అక్క మా చిన్నాయనతో, "ఎట్లాగు పోతందుకు తయారైన్రు గదా. కబురెందుకు, పిల్లనే తీస్కపోన్రి" అంది. బాపమ్మ కాదనలేదు. లేచి నా జడ విప్పి మళ్లీ అల్లింది.

ఆ సాయంత్రం అమ్మ నన్ను గడపలోనే పట్టుకుని, ఏమైంది, ఎందుకొచ్చిన్రు అని ఒకటే కంగారు. ఏంలేదు వదినె, బిడ్డ నిన్ను చూస్తనంది అన్నాడు చిన్నాయన.

ఇప్పుడు నా మునిమనవరాళ్లు అర్థంపర్థం లేకుండా ఏడుస్తుంటే, ఇంట్లోవాళ్లు కసురుతుంటే, నాకు ఊరుకోబుద్ధి కాదు. మోకాళ్లు సహకరించకపోయినా పోయి పక్కన కూలబడతాను. వాళ్లు చెప్పేది సగం నాకు అర్థం కాదు. అయినా చెప్పేదాకా లేవను.