వెనక మూత మీద పెన్సిల్ రాత

మెట్ల కింద గదిలో పాతికేళ్లుగా, చేత్తో పట్టుకుని ఆడుకునే గేమ్ మిషన్లు బాగుచేస్తున్న ఆమెను వీధి వీధంతా స్క్రూల పిన్ని అంటుంది. ఆమెకంటే పెద్దవాళ్లకీ ఆమె పిన్నే. బటన్ల అరుగుదల చూసి మనిషి ఎలాంటివాడో చెప్పేస్తుందని పేరు. "దూకే బటన్ ఇంతలా అరిగిందంటే, మీ ఆయన గొయ్యి చూసి ఆగే రకం కాదమ్మా," అనేది. వచ్చినావిడ నవ్వి, నిజమేనని ఒప్పుకుని వెళ్లేది.

పిన్నికి ఒక అలవాటుంది. విప్పిన ప్రతి మిషన్ వెనక మూతకి లోపలివైపు పెన్సిల్‌తో తేదీ, చేసిన మరమ్మతు, వాడే చేతి గురించి ఒక్క మాట రాసి బిగించేస్తుంది. 'గట్టి చెయ్యి.' 'ఓడితే విసిరే చెయ్యి.' ఆ రాత ఇంకెవరి కంటా పడదు. మళ్లీ పాడై వస్తే ఆమే విప్పి చదువుకుని, పాత చుట్టాన్ని చూసినట్టు నవ్వుకుంటుంది.

కిందటేడు నుంచి కళ్లు మొరాయించాయి. కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసే కూతురు రెండుసార్లు అద్దాలు మార్చింది. అయినా చిన్న స్క్రూలు చీమల్లా పాకుతున్నట్టే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే కొత్త గేమ్ మిషన్లు అమ్మే కంపెనీ వాళ్లొచ్చారు. పాత మిషన్ ఇస్తే సగం ధరకే కొత్తది. పాతవి తీసుకునే కేంద్రంగా పిన్ని గది ఉంటే చాలు, నెల నెలా జీతం. గుమ్మం మీద కంపెనీ యజమాని నవ్వుతున్న బొమ్మతో లైటు బోర్డు పెట్టారు. ఆయన ఊళ్లనే కొనగల ధనవంతుడట.

"ఏనాడైనా ఒక్క బటనైనా నొక్కాడో లేదో గానీ, ఆయన నవ్వుకి కరెంటు మాత్రం మనది," అంది పిన్ని.

"నీకెందుకమ్మా అవన్నీ? కళ్లకి విశ్రాంతి దొరికిందిగా," అంది కూతురు.

షరతులు మూడే. మిషన్ విప్పకూడదు, కొత్తదాని మీద ఒక్క వంక కూడా పెట్టకూడదు. పాతది ఇంకెవరూ వాడకుండా, తెచ్చినవాళ్ల ఎదుటే తెర మధ్యలో డ్రిల్లుతో బెజ్జం వెయ్యాలి. ఇన్నేళ్లూ బాగుచేసిన చేత్తో మొదటిది పొడిచినరోజు ఆమెకి అన్నం సయించలేదు. మూడు వారాలకి సయించింది. అలా సయించడమే ఆమెని ఎక్కువ బాధపెట్టింది.

ఒక మధ్యాహ్నం బస్సు డ్రైవరు వచ్చాడు. చంకలోంచి తువ్వాలు చుట్టిన మిషన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"కొత్తది ఇచ్చెయ్యి చెల్లెమ్మా. మీ వదినకి చెప్పలేదు. సాయంత్రం చూసి అదిరిపోవాలి."

చేతిలోకి తీసుకోగానే పిన్నికి తెలిసిపోయింది. జబ్బుచేసి డ్రైవరు భార్య కుడిచెయ్యి పడిపోయాక, బటన్లన్నీ ఎడమవైపుకి మార్చింది తనే. నాలుగు రోజులు పట్టింది. ఒక బటన్ దొరక్క పాత కోటు గుండీ బిగించింది.

"అన్నయ్యా, ఇది బాగానే పనిచేస్తోందిగా?"

"పనిచేస్తోంది. కానీ ఎక్కడ చూసినా కొత్తదాని బొమ్మే! నా బస్సుకి కూడా అతికించారు. అందరిళ్లలో ఉంటే తనకి మాత్రం పాతదేనా అనిపించింది."

"వదిన అడిగిందా?"

"తనెప్పుడు ఏమడిగింది గనక!" అన్నాడతను, కాస్త తగ్గి.

పిన్ని డ్రిల్లు చేతిలోకి తీసుకుంది. బెజ్జం వేస్తే జీతం ఉంటుంది, కళ్లు బతుకుతాయి. వదినకి రోజూ సాయంత్రం ఆటలో బాతుల్ని మేపే ఆ గంట మాత్రం పోతుంది. కొత్త మిషన్లో సగం బటన్లు కుడివైపే. విప్పి మార్చుదామంటే దాన్ని విప్పే దారే లేదు.

డ్రిల్లు పక్కన పెట్టి స్క్రూడ్రైవర్ అందుకుంది. నాలుగు స్క్రూలు తడుముతూ విప్పి, మూత అతని ముందు వెల్లకిలా పెట్టింది.

"నాకు కళ్లు ఆనడం లేదన్నయ్యా. నువ్వే చదువు."

అతను వేలు పెట్టి చదివాడు. "ఎడమ చెయ్యి. గెలవాలని లేదు. బాతులు ఆకలితో ఉండకూడదు, అంతే."

ఆ అక్షరాల మీద వేలు ఇంకోసారి నడిపాడు.

"బస్సంత మనిషిని, నాకీ మాత్రం తట్టలేదు," అని మూత తనే మూసి, తువ్వాలు మళ్లీ చుట్టుకున్నాడు.

పిన్నికి అబద్ధం చేతకాదు. ఆరోజు కంపెనీకి పంపే లెక్కల కాగితంలో, 'ఒకటి విప్పాను. తిప్పి పంపాను. కారణం: వదిన కుడిచెయ్యి' అని రాసింది. వారం తిరక్కుండా బోర్డు, డ్రిల్లు, జీతం ఒకే ఆటోలో వెళ్లిపోయాయి.

"కారణం దగ్గర ఏదో ఒకటి రాయొచ్చుగా!" అంది కూతురు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు సెలవు పెట్టి, భూతద్దం అమర్చిన దీపం తెచ్చి బల్లకి బిగించింది.

ఆ పూటే డ్రైవరు భార్య వచ్చింది. కోటు గుండీ వదులైంది. భూతద్దం కింద కూతురు విప్పుతుంటే పిన్ని పక్కనుంచి చెబుతూ వచ్చింది. అంతా అయ్యాక కూతురు పెన్సిల్ చెవి వెనక నుంచి తీసింది.

"ఏం రాయనమ్మా?"

"చెయ్యి చూశావుగా. నీకేమనిపించింది?"

కూతురు, ఎదుట కూర్చున్న డ్రైవరు భార్య ఒళ్లో పెట్టుకున్న ఆ కుడిచేతి వంక, దాన్ని మెల్లగా నిమురుతున్న ఎడమచేతి వంక కాసేపు చూసింది. తర్వాత తల వంచి, తల్లికి కనపడేంత పెద్ద అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది.