ఎడమ పక్క బరువు

నేను బైకు మెకానిక్కుని. దయ్యాలంటే నాకు భయం కాదు, విసుగు. బండి ఆగిపోయిందంటే ప్లగ్గు కాలిందనో, పెట్రోల్లో నీళ్లు చేరాయనో అంటాను గానీ దిష్టి తగిలిందంటే ఒప్పుకోను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. కొండబాబు గురించి విన్నాక నాకు మతి పోయిందని మీరు అనుకోకూడదు.

కొండబాబుది శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డునున్న పల్లె. ఇరవై ఏళ్ల పాటు అతని పని ఒక్కటే. తెల్లారేసరికి ఒడ్డుకొచ్చిన చేపల్ని ఐసు వేసిన ట్రేలో సర్ది, బండికి కుడి పక్క నేను వెల్డింగ్ చేసిచ్చిన చట్రంలో పెట్టి, పాతపట్నం సంతకు తీసుకెళ్లడం. వెనక సీటు మీద, ఎడమ పక్కకు కాళ్లు వేలాడేసుకుని భార్య తులసి కూర్చునేది. ఆ పక్క ట్రే బరువుకు ఈ పక్క ఆమె బరువు సరిపోయేది. నడపడం అతని వంతు, అమ్మడం ఆమె వంతు. తులసితో బేరమాడి గెలిచినవాణ్ని నేను చూడలేదు. నేనూ గెలవలేదు.

రెండేళ్ల కిందట ఒక వానపొద్దున, పాతపట్నం ఇంకాస్త దూరం ఉందనగా, కల్వర్టు మలుపులో ఎదురుగా లారీ వచ్చింది. బండి రోడ్డు దిగిపోయింది. కొండబాబుకు మోచెయ్యి గీరుకుంది, అంతే. తులసి మళ్లీ లేవలేదు.

ఆ తర్వాత అతను పాతపట్నం మానేశాడు. శ్రీకాకుళంలోనే వీధులు తిరిగి అమ్మేవాడు. ట్రే మాత్రం కుడి పక్కనే. ఒకరోజు నా షెడ్డుకొస్తే, ఎడమ పక్క కూడా ఒక చట్రం పెడతాను, లేకపోతే బండి ఒరిగిపోతుంది అన్నాను.

"అక్కర్నేదు బావ, సరిపోతన్నాది" అన్నాడు.

నిజంగానే సరిపోతోంది. ట్రే నిండా చేపలతో బండి నిటారుగా వెళ్లిపోయింది. అలవాటు పడ్డాడులే అనుకున్నాను.

కొండబాబుకు ఒక్కతే కూతురు, భారతి. ఇరవై ఏళ్ల పిల్ల, నోరు తల్లిదే. సంతలో తల్లి కూర్చునే చోటును పక్క దుకాణం సుభద్రమ్మ ఇన్నాళ్లూ ఎవర్నీ కూర్చోనివ్వకుండా కాపాడింది. ఇక తనవల్ల కాదని కబురంపింది. వచ్చే సంతకు రాకపోతే ఆ చోటు పోయినట్టే. చేపల ట్రే బస్సెక్కనివ్వరు. నాన్న బండి మీద వెళ్లి తనే ఆ చోట కూర్చుంటానంది భారతి. కొండబాబు వినలేదు. తులసి పోయాక ఆ వెనక సీటు మీద అతను ఎవర్నీ, కన్నకూతుర్ని కూడా, ఎక్కించుకోలేదు.

"ఆ మలుపు నానింక తిప్పలేను బావ" అన్నాడు నాతో.

అప్పుడే నాకు ట్రాక్ స్కూలు గుర్తొచ్చింది. విజయనగరం అవతల, మూతబడ్డ జూట్ మిల్లు లారీల యార్డులో కొత్తగా తారు పోసి తొమ్మిది మలుపుల ట్రాక్ వేశారు. ఒకప్పుడు రేసుల్లో తిరిగిన మురళీమోహన్ అక్కడ రెండు రోజుల పాటు మలుపులు తిప్పడం, బ్రేకు పట్టడం నేర్పుతాడు. ట్రాక్ మీదకు వెళ్లే ముందు బళ్లు తనిఖీ చేసేది నేనే. కొండబాబును లాక్కుపోయాను. తోలు సూట్లు వేసుకుని పెద్ద పెద్ద బళ్లతో వచ్చిన కుర్రాళ్ల మధ్య, చేపల వాసన వేసే పాత బండితో, అద్దె హెల్మెట్ పెట్టుకుని నిలబడ్డాడు. కుర్రాళ్లు నవ్వారు. తను కూడా నవ్వాడు పాపం.

మనిషి కూర్చుంటే బండి వెనక స్ప్రింగులు ఎంత కుంగుతాయో టేపు పెట్టి కొలవాలి. ట్రే, చట్రం విప్పేశాం. అతని బండికి అంగుళం కుంగాలి. కొండబాబు కూర్చున్నాడు. రెండంగుళాలు. మళ్లీ కొలిచాను. రెండే. ఎడమ స్ప్రింగు మరికాస్త ఎక్కువ. అవి నెల కిందట నేనే వేసిన కొత్త స్ప్రింగులు. అనుమానమొచ్చి, అంతే ఒళ్లున్న మురళీమోహన్‌ని కూర్చోమన్నాను. సరిగ్గా అంగుళం. మళ్లీ కొండబాబు కూర్చున్నాడు. రెండంగుళాలు.

"బండి బాగానే ఉంది, వెళ్లు" అన్నాను. టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నాను.

ట్రాక్ మీద అతన్ని చూసి మురళీమోహన్ నొసలు ముడిచాడు. నాలుగు రౌండ్లు చూసి ఆపించాడు.

"కొండబాబు గారూ, కుడి పక్కకి జారి కూర్చుంటన్నారేటి? వెనకాల ఎడం పక్కన ఎవరో కూర్చున్నట్టు, ఆ బరువుకి సరిపెట్టుకుంటన్నట్టు నడుపుతన్నారు. సీటు మధ్యన కూర్చోండి."

కొండబాబు మధ్యకు జరిగాడు. గేరు వేశాడు. గజం దూరం పోలేదు, బండి ఎడమకు ఒరిగింది. కాలు ఆన్చి నిలబెట్టుకుని, అలవాటుగా మళ్లీ కుడికి జరిగాడు. అప్పుడు గాని బండి నిటారుగా కాలేదు. మురళీమోహన్ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

రెండోరోజు చూపు గురించి పాఠం. మలుపులో ఎదురుగా ఉన్నదాన్ని చూస్తే బండి దాని మీదకే పోతుందనీ, బయటపడే దారినే చూడాలనీ మురళీమోహన్ చెప్పాడు. కుర్రాళ్లు తలలూపారు. కొండబాబు లేచి యార్డు షెడ్డు వెనక్కి వెళ్లిపోయాడు. వెళ్లి చూస్తే గోడకానుకుని కూర్చుని ఉన్నాడు.

"ఆ రోజు నాను లారీనే సూసినాను బావ. రోడ్డు సూడనేదు. నానే సంపేసినాను దాన్ని."

"ఒరే, వానరా అది. లారీరా" అన్నాను. గొంతు నాకే నమ్మకంగా వినపడలేదు.

"కాదు. మరొకటి సెప్పనా? అది దిగనేదు బావ. రెండేళ్ల బట్టీ నా ఎనకాలే ఉన్నాది. తెలుస్తాది నాకు. భారతిని ఎక్కడ కూకోబెట్టను, సెప్పు. మలుపు సరీగా తిప్పడం నేర్సుకున్నాననుకో, అది దిగిపోతాది. నానేటయిపోవాలి?"

కోపమొచ్చింది నాకు. అతని మీద కాదు, నా మీద. కొలతలు నేనే తీశాను. అలాంటిదేం లేదురా అని నేను ఏ మొహంతో చెప్పను?

"బతికున్న పిల్లకి చోటు లేదంటావేట్రా?" అని కసిరాను. అతను లేచి, సాయంత్రం దాకా ఆ తొమ్మిది మలుపులూ తిప్పుతూనే ఉన్నాడు. ఎదుటి బండిని చూడడం మానేసి దారిని చూడడం నేర్చుకున్నాడు. నడిపే తీరు మారింది. కొలత మాత్రం మారలేదు. దిగబోయే ముందు కూడా రెండంగుళాలే.

సంత రోజు పొద్దున్నే నన్ను పిలిచాడు. "నువ్వు ఎనకాల రా బావ, సాలు."

కుడి పక్క ట్రే కట్టాడు. భారతి ఎడమ పక్కకు కాళ్లు వేసి ఎక్కింది. నా బండి మీద వెనకే వెళ్తూ నేను చూసింది ఒక్కటే, అతని వెనక మడ్‌గార్డు. టైరుకు దాదాపు రాసుకుంటోంది. ఒక ట్రేకీ ఒక పిల్లకీ అంత కుంగదు. కొండబాబు కుడి పక్కకు జారి కూర్చుని నడుపుతున్నాడు. శ్రీకాకుళం దాటాం. మంచు పట్టి ఉంది. దారి పొడుగునా ముగ్గురి బరువుతోనే వెళ్లింది ఆ బండి.

కల్వర్టు మలుపు వచ్చింది. ఎదురుగా మంచులోంచి లారీ లైట్లు. నా చెయ్యి బ్రేకు మీదకు పోయింది. కొండబాబు తల లారీ వైపు తిరగలేదు. మలుపు చివర, రోడ్డు బయటపడే చోటునే చూస్తున్నాడు. బండి వంగింది, తిరిగింది. లారీ పక్కనుంచి పోయింది. సరిగ్గా మలుపు మధ్యలో, ఎవరో కాలు కింద పెట్టి దిగితే తేలినట్టు, ఆ మడ్‌గార్డు అంగుళం పైకి లేచింది. భారతి కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. కొండబాబు భుజాలు మధ్యకొచ్చాయి.

కొంచెం ముందుకెళ్లి రోడ్డు పక్కన ఆపాడు. ఇంజను ఆపలేదు. నేను పక్కనే ఆగాను. అతను వెనక్కి తిరగలేదు.

"దిగిపోనావేటే?" అన్నాడు మెల్లగా.

"నానెక్కడ దిగినాను నాన్నా, ఇక్కడే ఉన్నాను" అంది భారతి.

అప్పుడు ఏడ్చాడు కొండబాబు. రెండేళ్లలో అతను ఏడవగా చూడడం నాకదే మొదలు. హ్యాండిల్ వదలకుండా, గొంతెత్తి ఏడ్చాడు. భారతికి ఏమీ అర్థం కాలేదు. నా వైపు చూసింది. కాసేపాగి తండ్రి వీపు మీద చెయ్యి వేసింది.

"ఎల్దాం నాన్నా. ఐసు కరిగిపోతన్నాది."