అరసవల్లి షెడ్డులో విన్న హోరు

ఫిడేలు నేర్పేవాడికి కోపం ఉండి తీరాలి. నాకుంది కాబట్టి అంటున్నాననుకోండి, అయినా అంటాను. శ్రీకాకుళంలో మా వీధి పిల్లలకి నేను ఫిడేలు మాస్టారిని కాదు, కోపం మాస్టారిని. తీగ వెంట్రుకవాసి దిగినా నా కేక వీధి చివర కిళ్లీకొట్టు దాకా వినిపించేది. నేను అటువైపు వెళ్తే ఆ కొట్టతను, "ఈయేళ ఎవులికి పడినాయి మాస్టారూ?" అని నవ్వేవాడు.

అలాంటి నేను ఉన్నట్టుండి మంచివాడినైపోయాను. కసరడం లేదు, తొడ చరిచి ఆపడం లేదు, ఎవరేం వాయించినా "బాగుంది, కానీ" అంటున్నాను. పిల్లల ఆనందానికి హద్దుల్లేవు. ఒక తల్లయితే మా ఇంటికి జంతికలు పంపించింది, మాస్టారికి శాంతం వచ్చిందని. ఆ జంతికలు నాకు గొంతు దిగలేదు. శాంతం రాలేదు. వినిపించడం మానేసింది, అంతే.

వానాకాలంలో వచ్చిన జ్వరం తగ్గుతూ తగ్గుతూ నా చెవుల్లో ఒక కూత వదిలిపెట్టింది. పాత ట్యూబులైటు వెలుగుతున్నప్పుడు సన్నగా ఒక మోత వస్తుందే, అది. ట్యూబులైటైతే ఆర్పుకోవచ్చు. ఇది తింటున్నా ఉంది, మాట్లాడుతున్నా ఉంది, నిద్రలో కూడా ఉందేమోనని నా అనుమానం. చెవి డాక్టరు పరీక్షలన్నీ చేసి, నరం కొంచెం దెబ్బతింది, ఈ మోత పూర్తిగా పోకపోవచ్చు, అలవాటు చేసుకోండి అన్నాడు. "అలవాటు చేసుకోడానికి ఇవేమైనా కొత్త చెప్పులా?" అన్నాను. మా ఆవిడ బల్ల కింద నా చెయ్యి గిల్లింది.

మా ఆవిడకి కూత సంగతి చెప్పాను గానీ, ఆ కూత తీగల్ని కప్పేస్తోందని చెప్పలేదు. తీగ మోగుతుంది, వినిపిస్తుంది. శ్రుతిలో ఉందా లేదా అని ఆగి వినబోయేసరికి చెవి దాన్ని వదిలేసి కూత వెంట పరిగెడుతుంది. నేను పిల్లల వేళ్లు చూసి పాఠం నెట్టుకొస్తున్నాను.

ఒక సాయంత్రం ఆ గుట్టు బయటపడింది. బాగా వాయించే అమ్మాయి ఒకతె వర్ణం వాయిస్తోంది. నేను కళ్లు మూసుకుని తాళం వేస్తూ "బాగుంది, బాగుంది" అంటున్నాను. వంటింట్లోంచి మా ఆవిడ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏటి బాగుంది? ఆ పంచమం దిగిపోయి ఎంతసేపైనాది! మీకు ఇనపడ్నేదా?"

మా ఆవిడ పొందూరు వైపు రైతుబిడ్డ. సరిగమలు కూడా నేర్చుకోలేదు. కానీ పెళ్లయినప్పటి నుంచీ వంటింటి గోడ అవతల నా పాఠాలు వింటూనే ఉంది. కళ్లు తెరిచేసరికి ఆ అమ్మాయి నా వైపు చూస్తోంది. మాస్టారు తిడతారనే భయం ఆ చూపులో లేదు. జాలి ఉంది. అంత చిన్నపిల్ల నా మీద జాలిపడింది.

ఒంట్లో బాగులేదని చెప్పి మర్నాటి నుంచి పిల్లల్ని రావద్దన్నాను. ఫిడేలు పెట్టె బీరువా మీదికెక్కింది. కుర్రతనంలో విజయనగరం వెళ్లి నేర్చుకున్న విద్య అదొక్కటే నాకు. పొలం పని నాకు రాలేదు, ఉద్యోగం నేను చెయ్యలేదు. చెవి పోతే ఇంక నేనేమిటి? ఈ ప్రశ్న వేసుకుంటూ కొన్ని నెలలు ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. కోపం రావడం కూడా పూర్తిగా మానేసింది. మా ఆవిడకి అన్నిటికంటే అదే భయం వేసింది. కూరలో ఉప్పు వెయ్యకుండా పెట్టి చూసిందట ఒకసారి. మాట్లాడకుండా తినేశానట.

చివరికి ఒక ఆదివారం పొద్దున్న కచేరీల్లో ఫిడేలుకి తగిలించుకునే చిన్న మైకు, దానికి పనికొచ్చే ఆంప్లిఫయరు సంచిలో వేసుకుని అరసవల్లి బయల్దేరాను. అక్కడ మా బావమరిదికి మైకుసెట్టు వ్యాపారం ఉంది. పెళ్లిళ్లకీ, ఊళ్లలో అమ్మవారి సంబరాలకీ సౌండు బాక్సులు కడతాడు. ఈ రెండూ వాడికిచ్చేస్తే ఇంక కచేరీల మాట నా నోట రాదని నా ఆలోచన. మా ఆవిడకి చెప్పలేదు.

ఆదివారం కదా, సూర్యనారాయణస్వామి దర్శనానికి వచ్చిన జనం, ఆటోలు, హారన్లు. అదంతా దాటి వెనక సందులో రేకుల షెడ్డు దగ్గర బండి ఆపానో లేదో, లోపలి నుంచి ఒక మోత వచ్చి నా గుండెల మీద కొట్టింది. కొత్త బాక్సులు దిగాయి, వాటిని పరీక్షిస్తున్నాడు మా వాడు.

"ఒరే, ఆపరా! కొండలు పగలగొడుతున్నావా, పాట పెట్టావా?" అని అరిచాను.

వాడు నన్ను చూసి గబగబా వచ్చి సౌండు సగానికి పైగా తగ్గించాడు. నా చెవి సంగతి వాడికి తెలుసు.

"అమ్మో, బావ నోట్లోంచి కేక వచ్చినాది! అక్కకి ఫోను సెయ్యాలి," అన్నాడు. "కూకో బావా. ఒక్క పాట ఇని ఎల్దువు గానీ."

"నా కచేరీ ఒక్కటైనా చివరిదాకా విన్నావురా నువ్వు?"

"నీ ఫిడేలు ఇంటే నాకు నిద్దరొస్తాది. మంచి నిద్దర. అబద్ధం సెప్పమంటావా?"

ఇంజనీరింగు కాలేజీ వాళ్ల ఉత్సవానికి బాక్సులు కట్టినప్పుడు అక్కడి పిల్లలు ఈ ఆల్బమ్ ఇచ్చారట వీడికి. దీన్ని మెటల్ అంటారనీ, అందులోనూ షూగేజ్ అనే తీరు కలిసిందనీ చెప్పాడు. అదేమిట్రా అంటే, "ఆళ్లు జనాన్ని సూడరంట బావా. కాళ్ల కాడ బోల్డు మీటలుంటాయి, ఆటికేసి సూసుకుంటా వాయిస్తారు. బూట్లు సూసుకుంటన్నారని ఎవులో యెక్కిరించినారు, అదే పేరైపోనాది," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఫిడేలు కొసని పాదానికి ఆనించుకుని నేనూ జీవితమంతా పాదం వంకే చూసుకున్నాను కదా. సరే వాయించమనరా అని ఒక బాక్సు మీద కూర్చున్నాను. సంచి ఒళ్లోనే ఉంది.

మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. ఎన్ని గిటార్లో నేను చెప్పలేను. ఒకదాని మీద ఒకటి పరుచుకుంటూ వచ్చి, మధ్యలో సందన్నది లేకుండా షెడ్డంతా నిండిపోయాయి. వాటి అడుగున డ్రమ్ములు. సౌండు తగ్గించినా ఆ బరువు తగ్గలేదు. బరువంటే గట్టిగా వాయించడమేనని అంతవరకూ అనుకునేవాణ్ని. గోడకి వేలాడుతున్న వైరు చుట్టలు చిన్నగా ఊగుతున్నాయి.

కొంతసేపయ్యాక ఏదో తేడా అనిపించింది. ఏమిటా అని వెతుక్కున్నాను. చెవిలో కూత లేదు.

లేదు! నెలల తరబడి క్షణం వదలని కూత ఆ గిటార్ల కింద ఎక్కడో మునిగిపోయింది. కదిలితే తిరిగొస్తుందేమోనని కదలకుండా కూర్చున్నాను. ఊపిరి కూడా చిన్నగా తీసుకున్నాను. తలమీద ఎప్పటి నుంచో మోస్తున్న బస్తాని ఎవరో అడక్కుండా దించినట్టయింది. మా వాడు నా ముఖం చూసి ఆపబోయాడు. వద్దని చెయ్యి ఊపాను.

రెండో పాటలోనో మూడో పాటలోనో ఆ హోరు లోపల ఇంకేదో ఉందని తెలిసింది. ఒక గొంతు. ముందుకొచ్చి పాడడం లేదు. నాగావళికి వరదొచ్చినప్పుడు అవతలి గట్టు నుంచి ఎవరో పిలుస్తున్నట్టు వినిపిస్తోంది. మాటలు అర్థం కాలేదు, అది ఏ భాషో కూడా నాకు తెలియదు. ఆ గొంతు పక్కనే ఒక గిటారు మూడు స్వరాలు పైనుంచి కిందికి దిగుతోంది. మళ్లీ పైకెళ్లడం, మళ్లీ దిగడం. జోలపాటలో ఉండే నిదానం దానిది. పైన అంత రభస, లోపల ఇంత నెమ్మది. రెండూ ఒక్కచోటే ఉన్నాయి, ఒకటి ఇంకోదాన్ని చెరపడం లేదు.

నా పాఠం జరుగుతుంటే పక్కింట్లో పప్పు రుబ్బినా కసిరేవాణ్ని. సంగీతానికి చుట్టూ నిశ్శబ్దం ఉండాలి, ఉండకపోతే అది సంగీతం కాదు, ఇదీ నా లెక్క. వీళ్లెవరో మహానుభావులు, బంగారంలాంటి పాటని తీసుకెళ్లి హోరులో పాతిపెట్టి, కావాలంటే వెతుక్కోరా నాయనా అంటున్నారు. నేను వెతుక్కున్నాను. దొరికింది కూడా. ఆ మూడు స్వరాల్లో నడిమిది మన గాంధారం కంటే ఒక్క రవ్వ ఎక్కువలో నిలబడుతోందని గుర్తుపట్టాను. పట్టినట్టు కూడా ఆ నిమిషంలో నాకు తెలియలేదు.

ఇంకో పాటలో ఆ మెత్తని గొంతే ఒక్కసారిగా అరుపయింది. గొంతు చీరుకుపోయేలాంటి అరుపు. మామూలప్పుడైతే చెవులు మూసుకుని లేచిపోయేవాణ్ని. ఆ రోజు కదల్లేదు. ఆ మనిషి ఎవరినీ తిట్టడం లేదు, దుఃఖం పట్టలేక అరుస్తున్నాడు. ఇన్ని నెలలుగా నేను అరవాల్సిన అరుపు అది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. మా బావమరిది చూసీ చూడనట్టు అవతలికి తిరిగి వైర్లు చుట్టుకున్నాడు.

ఆల్బమ్ మొత్తం విన్నాం. ఆఖరి పాటలో డ్రమ్ములు ముందు ఆగాయి, తర్వాత గొంతు ఆగింది, గిటార్లు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. ఒక్క నాదం మాత్రం మిగిలింది. సన్నగా, పొడుగ్గా, ఎత్తులో. దాన్ని అలా వింటూనే ఉన్నాను. ఎంత అందంగా నిలబెట్టాడు, ఎంతసేపు నిలబెట్టాడు అని చేతులెత్తి దండం పెట్టబోయాను.

"ఇంకా ఎంతసేపుందిరా ఇది?"

"ఏది?"

"ఈ ఆఖరి నాదం."

వాడు నా వంక వింతగా చూశాడు. "ఎప్పుడో అయిపోనాది బావా. ఆపీసినాను కూడా."

పాట ఎక్కడ ఆగిందో, నా కూత ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. నన్ను చంపుకు తింటున్న ఆ దిక్కుమాలిన కూతకి ఇందాక నేను దండం పెట్టబోయాను. బయట ఆటోల హారన్లు వినిపిస్తున్నాయి. కూత ఉంది. హారన్లూ ఉన్నాయి. ఎవరో కొబ్బరికాయలు బేరమాడుతున్నారు, అదీ ఉంది. అంతటి హోరులో పాతిపెట్టిన మూడు స్వరాల్ని ఈ చెవే కదా పట్టుకుంది, మరి ఈ చిన్న కూత పక్కన నా తీగని పట్టుకోలేదా? లేచి నిలబడ్డాను.

"ఆ సంచిలో ఏటున్నాది?" అన్నాడు మా వాడు.

"ఆంప్లిఫయరు. రిపేరుకి తెచ్చాను."

"ఇలా ఇయ్యి, సూస్తాను."

"అక్కర్లేదులే," అని సంచి గట్టిగా పట్టుకున్నాను. వాడు ఆ పాటలు నా ఫోన్లో వేసి, సౌండు పెంచకు బావా, డాక్టరు తిడతాడని చెప్పి పంపాడు.

ఇంటికొచ్చి చెప్పులు కూడా సరిగా విప్పకుండా స్టూలు ఎక్కాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, నేను బీరువా మీది పెట్టె దించుతుంటే స్టూలు పట్టుకుంది. దుమ్ము తుడిచి, కింద కూర్చుని, ఫిడేలు కొసని పాదానికి ఆనించాను. శ్రుతిపెట్టె వేశాను. కూత రెచ్చిపోయింది. రానీ, నువ్వూ ఉండు అనుకున్నాను. దాన్ని తోసెయ్యాలని చూడకుండా, షెడ్డులో కూర్చున్నట్టే కూర్చుని, కమాను తీగ మీద పెట్టి లాగాను.

షడ్జం పలికింది. నమ్మకం కలగలేదు. పక్క తీగ బిరడా తిప్పి పంచమం కలిపాను. సరిపోయిందనిపించింది. ఇన్ని నెలలూ అన్నీ ఇలాగే సరిపోయాయనిపించేవి కదా, ఈ చెవి మాట ఏం నమ్మను? మా ఆవిడ వైపు చూశాను. ఆమె ముఖంలో ఏమీ లేదు. ఏమీ కనపడనివ్వకూడదని పళ్లు బిగబట్టుకుని కూర్చుంది పిచ్చిది. మళ్లీ లాగాను. రెండు తీగలూ కలిపి లాగాను.

కూత పక్కన ఏదో గీరుకుంది. ఎక్కడో అడుగున, చాలా చిన్నగా. ఊపిరి బిగబట్టి ఇంకోసారి లాగాను.

"ఛీ! దిగింది!" అని అరిచాను. "ఇదేం శ్రుతి? ఇది పంచమమా? ఎవడు కలిపాడు దీన్ని? చెవులున్నాయా, దొప్పలున్నాయా? దిగిందే, వెంట్రుకవాసి దిగింది!"

నా కేక కిళ్లీకొట్టు దాకా వెళ్లే ఉంటుంది. మా ఆవిడ పైటచెంగు కళ్లకి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

"దిగినాది," అంది. "ఇందాకటి నుంచీ దిగే ఉన్నాది. నేను సెప్పకూడదని నోరు మూసుకు కూకున్నాను. తిట్టండి. ఇంకా తిట్టండి."

నేను తిడుతూనే బిరడా తిప్పాను.