తాళంలో కొబ్బరినూనె

సింగపూర్ చాంగీలోని మా ఆఫీసులో పక్కసీటు ఫర్జానా సొరుగు తాళం పొద్దున బిగువుగా తిరిగింది. ఆమె కాఫీకి వెళ్లినప్పుడు నా బ్యాగులోని కొబ్బరినూనె రెండు చుక్కలు వేశాను. మిషన్ ఆయిల్ వెయ్యాలని తెలుసు, కానీ చేతిలో ఉన్నది ఇదే.

సాయంత్రానికి ఏసీ చలికి నూనె లోపలే గడ్డకట్టింది.

“అన్నా, పొద్దున తిరిగింది గదా, ఇప్పుడేమైంది దీనికి? పాస్‌పోర్ట్ లోపలుంది. రాత్రి ఫ్లైట్. రేపే అమ్మీ ఆపరేషన్” అంది, ఏడుపు ఆపుకుంటూ.

నేను తాళంచెవిని వేడినీళ్లలో ముంచి, తుడిచి, మళ్లీ మళ్లీ తిప్పాను. చివరికి సొరుగు తెరుచుకుంది.

“మీరు లేకుంటే ఏమైతుండెనో అన్నా” అంటూ ట్యాక్సీకి పరుగెత్తింది.

ఆ మెప్పు నాకింకా మింగుడుపడలేదు. తిరిగొచ్చాక నిజం చెప్పేయమంటారా, మిషన్ ఆయిల్ డబ్బా ఒకటి ఆమె బల్లమీద పెట్టి ఊరుకోమంటారా?