తాళం వేసిన పెట్టెలో కర్పూరం

నా చిన్నప్పుడు మా ఇంట్లో దొంగతనాలు బహు తక్కువ. అనుమానాలకు మాత్రం ఏనాడూ కొరత లేదు.

గోదావరి కాలువలు తవ్వాక మా ఊరికి అన్నం వచ్చింది కాని వైద్యుడు రాలేదు. అందుకని మా తాతయ్య ఎక్కడికి బయలుదేరినా ఆయన గూడు బండిలో ఒక మందుల పెట్టె కూడా ప్రయాణం చేసేది. తోలేవాడు కూర్చునే పలక కింద దాని స్థానం. పుండ్లకు రాసే మైనం మలాము సీసా, కట్టు కట్టడానికి ఉతికి మడిచిన పాత పంచె పేలికలు, వాము, శొంఠి, కాగితం పొట్లంలో కర్పూరం అందులో ఉండేవి. ఎవరికి కళ్లు తిరిగినా తాతయ్య ముందు కర్పూరం పొట్లం వైపే చూసేవారు.

ఆ పెట్టెకు ఏడాది పొడుగునా బండిలోనే కాపురం. పుష్యమాసపు మంచుకు మలాము రాయిలా గడ్డకట్టేది. రోహిణి ఎండలకు కరిగి నూనె అయ్యేది. దాని విషయంలో ఎవరినీ అనుమానించలేదు, ఎందుకంటే అది ఏమయినా సీసాలోనే అయ్యేది.

ఒక వైశాఖంలో పెద్దాపురంలో పెళ్లి చూసుకుని తిరిగి వస్తుంటే దారిలో మా మేనత్తకు ఎండదెబ్బ తగిలి స్పృహ తప్పింది. తాతయ్య పెట్టె తీసి పొట్లం విప్పారు. కాగితం ఉంది, వాసన ఉంది, కర్పూరం లేదు. మేనత్త మొహం మీద నీళ్లు చల్లితే తేరుకుంది. తేరుకున్నాక అన్న మొదటి మాట, "ఎవడు తీశాడు?"

ఆ పెట్టె మీద కూర్చునేది బండి తోలే ముసలాయన ఒక్కడే. పాతికేళ్లుగా కూర్చుంటున్నాడు. అన్నేళ్ల నమ్మకం ఆయన పక్షాన నిలబడుతుందని మీరనుకోవచ్చు. "పాతికేళ్లలో ఇంకెంత తీశాడో!" అంది మా మామ్మ.

"కర్పూరం నాకెందుకండీ అమ్మగారూ? మా ఇంట్లో దేవుడు ఉత్త దీపంతోనే సద్దుకుపోతాడండి," అన్నాడు ముసలాయన.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఎవరూ నియమించకుండానే విచారణాధికారి పదవి స్వీకరించాను. ముసలాయన కాలువలో ఎద్దులను కడుగుతుండగా, గట్టు మీద పెట్టిన ఆయన తలపాగా వాసన చూశాను. కర్పూరం గుప్పుమంది. పరుగున వెళ్లి మామ్మకు చెప్పాను. సాయంత్రానికల్లా ఆయన్ని పనిలోంచి తీసెయ్యాలని ఇంట్లో నిర్ణయమయింది. "ఆయ్, మీ ఇష్టమండి," అని మాత్రం అన్నాడాయన. ఆ వయసులో ఆయనకు మరొకరు బండి అప్పగించరు. దొంగ అన్న పేరుతో అసలే అప్పగించరు.

తాతయ్య మాత్రం ఎనిమిది రోజులు ఆగమన్నారు. మర్నాడు నా కళ్లెదుటే పన్నెండు పలుకుల కర్పూరం లెక్కపెట్టి, పొట్లం కట్టి, పెట్టెలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి నా మొలతాడుకు కట్టారు. ముసలాయన్ని బండి దగ్గరికి రాకుండా తన ఇంటి దగ్గరే ఉండమన్నారు. బండి ఎప్పటిలాగే కాలువగట్టు మీద ఎండలో నిలిచింది. పగలల్లా నేను ఆ గూట్లోనే కూర్చుని, చద్దన్నం కూడా అక్కడికే తెప్పించుకుని, దారిన పోయే వాళ్లందరినీ అనుమానించాను. పాలు పోసే ఆమెను, పడవలు లాగే వాళ్లను, ఒక మేకను కూడా. మేక చూపు నాకు నచ్చలేదు.

తొమ్మిదో రోజు పొద్దున అందరి ముందూ తాళం తీశాను. పొట్లంలో నాలుగు పలుకులు మిగిలాయి. అవీ బియ్యపు గింజలంత.

"తాళంచెవి ఎవరి దగ్గరుందిరా?" అన్నారు తాతయ్య.

"నా దగ్గరే."

మామ్మ నన్ను దగ్గరికి లాక్కుని చొక్కా వాసన చూసింది. "ఓరి నీ! గుప్పుమంటోందిరా! బొక్కేశావా ఏంట్రా?" అంది. "వీణ్ణి చూసినప్పుడల్లా అనుకుంటూనే ఉన్నాను," అంది మేనత్త. ఏమనుకుందో ఇప్పటికీ చెప్పలేదు.

తియ్యలేదని ఒట్టు వేశాను. నిజం చెప్పేవాడి గొంతు కూడా దొంగ గొంతులాగే వణుకుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఏడ్చాను. ఏడిస్తే అనుమానం ఇంకొంచెం బలపడింది.

కబురు పెడితే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ ముసలాయన అప్పుడు కల్పించుకున్నాడు. "అబ్బాయిగారు తీసుండరండి. తప్పదనుకుంటే ఇది కూడా నా మీదే వేసెయ్యండి. నాకైతే అలవాటయిందండి."

తాతయ్య ఆ నాలుగు గింజలనూ ఇత్తడి పళ్లెంలో వేసి వాకిట్లో ఎండలో పెట్టించారు. చుట్టూ నిలబడి ఒకరి చేతులు ఒకరం కనిపెట్టుకుని చూశాం. ఎవరూ ముట్టుకోలేదు. భోజనాల వేళకు పళ్లెం ఖాళీ. వేడికి కర్పూరం గాలిలో కలిసిపోతుంది. ఆ గాలే గూడంతా నిండి, ముసలాయన తలపాగాకూ నా చొక్కాకూ సమానంగా పట్టింది.

విచిత్రమేమిటంటే, కర్పూరం హరించిపోకుండా దేవుడి గూట్లో ఉన్న బరిణెలో మా మామ్మ ఎప్పుడూ నాలుగు మిరియాలు వేసి ఉంచేది. ఆ జ్ఞానం వీధి గడప దాటి బండి దాకా రాలేదు, అంతే. ఆ రోజు నుంచి కర్పూరం మిరియాలతో సహా గట్టి బిరడా ఉన్న సీసాలోకి మారింది. బండి నిలవగానే పెట్టె ఇంట్లోకి వచ్చి చల్లని మూల చేరేది.

తాతయ్యకు ఇదంతా ముందే తెలుసు. ముందే చెప్పొచ్చు కదా అని అడిగాను. "కర్పూరం సంగతి చెప్పడానికయితే ఎనిమిది రోజులు ఎందుకురా?" అన్నారు.

ఎవరూ పంపకుండానే ముసలాయన ఇంటికి వెళ్లి తప్పయిందన్నాను. "తలపాగా వాసన చూసింది తమరేనంటగా? దాన్ని ఉతికి రెండేళ్లయిందండి. అందులో కర్పూరం వాసన ఒక్కటే దొరికిందంటే, తమరి ముక్కు గొప్పదండి," అన్నాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి ఎద్దులు కట్టాడు.

తర్వాత నేను కాలేజీ చదువు చదివి, చాలా ఏళ్లు హెడ్మాస్టరుగా పనిచేశాను. బడిలో పలకో పుస్తకమో పోయినప్పుడల్లా పిల్లలు ఎవడో ఒకణ్ణి నా ముందుకు తోసేవారు. వాడి గొంతు వణికేది. పోయిన వస్తువు ఎక్కడ పెట్టారో వెతికించేవాణ్ణి గాని, ఆ వణుకును చూసి ఏ ఒక్కణ్ణీ దొంగ అనలేదు. అలా ఒకరిద్దరు అసలు దొంగలు తప్పించుకున్నారేమోనని నాకు అనుమానం. ఆ అనుమానాన్ని అలాగే ఉండనిస్తున్నాను.